నాలుగు దారులు కలిసేచోట సత్రం

ఆదోనిలో బస్సెక్కితే ఎమ్మిగనూరులో గంటలోపే దిగుతాం. అదే దారి ఎడ్లబండికి ఒక పగలంతా ప్రయాణం. బరువేసిన బండి గంటకు 3 కిలోమీటర్లు, మహా అయితే మూడున్నర నడుస్తుంది. 28, 30 కిలోమీటర్ల దూరానికి ఎనిమిది తొమ్మిది గంటలు కావాలి. మధ్యలో ఎద్దులకు నీళ్ళు పెట్టాలి, మేత వేయాలి, ఎండ తగ్గేదాకా మెడ దించాలి. తెల్లవారుజామున చుక్క పొడిచినప్పుడు బండి కడితే పొద్దుగూకే వేళకు ఊరు చేరతారు. ఆ ఊళ్ళో బంధువులు ఉంటే సరే. లేకపోతే రాత్రికి ఎక్కడ తలదాచుకోవాలి? ఎక్కడ వండుకోవాలి? పత్తి బోరాలకు ఎవరు కాపలా? ఈ ప్రశ్నలకు మన పెద్దలు కట్టిన జవాబే సత్రం.

సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గంలోని మిత్రులు అడిగారు. మన బడి గురించీ, మనకు చదువు చెప్పిన అయ్యవార్ల గురించీ నాకంటే బాగా రాసేవాళ్ళు ఈ సంచికలోనే ఉన్నారు. నేను ముప్ఫై ఏళ్ళుగా రోడ్లు, కట్టడాల పనుల్లో ఉన్నవాణ్ణి. నాకు తెలిసింది రాయి, సున్నం, కొలత. కాబట్టి దారి పక్కన నిలబడి మన కళ్ళముందే కనుమరుగవుతున్న ఒక రకం కట్టడం గురించి రాస్తాను. బళ్ళారి దగ్గరి హగరి నుంచి ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం మీదుగా రాయచూరు, మహబూబ్‌నగర్ వైపు పోయే మన దారికి ఇప్పుడు 167వ నంబరు జాతీయ రహదారి అని పేరు. రహదారి అన్నాక వెడల్పు కావాలి. వెడల్పు అన్నాక దారి పక్కన ఉన్నవి పోవాలి. ఏవి పోతున్నాయో చూసుకుని, రాసుకుని పోనిస్తున్నామా అన్నదే నా బాధ.

ముందు మాటల సంగతి. ఇంగ్లండులో నాలుగు దారులు కలిసేచోట పాతకాలపు టావర్న్ ఒకటి ఉంటుంది. అక్కడే తాగుతారు, అక్కడే తింటారు, మేడ మీద గదిలో పడుకుంటారు, వెనక కొట్టంలో గుర్రాన్ని కట్టేస్తారు. అన్నీ ఒకే కప్పు కింద, అన్నీ డబ్బుకే. మన దగ్గర ఈ పనులు విడివిడిగా జరిగాయి. కల్లంగడి ఊరి బయట ఉంటుంది. తిండికి పూటకూళ్ళ ఇల్లు. పడకకు సత్రమో, చావడో, గుడి మంటపమో. తురకల ఏలుబడి ఉన్నచోట సరాయి, ముసాఫర్‌ఖానా. దొరల కాలంలో దొరలకు, ఉద్యోగులకు ట్రావెలర్స్ బంగళా వచ్చింది. అది కాస్తా మన నోట్లో ‘టీబీ’ అయింది. ఈ పేర్లలో ప్రతిదానికీ వేరే యజమాని, వేరే కట్టుబాటు. సత్రంలో పడకకు పైసా ఇవ్వనక్కరలేదు, పూటకూళ్ళ ఇంట్లో ఇవ్వాలి. ఆ తేడా మనవాళ్ళకు బాగా తెలుసు. ఓరుగల్లు వీధుల్ని కళ్ళకు కట్టించే క్రీడాభిరామంలో ఒక రూకకు కడుపునిండా భోజనం పెట్టే పూటకూళ్ళ ఇల్లు కనిపిస్తుంది. ఏమేమి వడ్డించేవారో కూడా కవి చెప్పాడు. తెలుగువాళ్ళకు హోటలు అలవాటు ఉడిపివాళ్ళు నేర్పారని మనం సరదాగా అనుకుంటాం గానీ, డబ్బిచ్చి తినడం అంతకంటే పాతది.

సత్రం ఎంత దూరానికి ఒకటి ఉండాలి? ఇది ఇంజనీరు అడగవలసిన ప్రశ్నే. బండి ఒక పూటకు ఎంత పోగలదో అంత. దాన్నే మజిలీ అన్నారు. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన కాశీ మజిలీ కథలు మనలో చాలామంది బడి లైబ్రరీలోనో, ఇంట్లో అవ్వ నోటనో విన్నవే. ప్రతి మజిలీలోనూ ఒక కథ. నడిచి అలిసినవాడు కథ వింటాడు, మర్నాడు ఇంకో మజిలీకి నడుస్తాడు. ఆ పుస్తకం నడకే మన పాత దారుల నడక.

నిజమైన కాశీయాత్ర రాసినవాడు ఏనుగుల వీరాస్వామి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మేలో బయలుదేరి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. పరివారం వందమంది దాకా ఉండేవారు. కడప, అహోబిలం, శ్రీశైలం చూసుకుని హైదరాబాదు మీదుగా పోయాడు. మన ఆదోని దారిన రాలేదు, అది మన దురదృష్టం. అయినా ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర చదివితే అప్పటి ప్రయాణికుడు ఊళ్ళోకి అడుగుపెట్టగానే ఏం వెతికేవాడో తెలుస్తుంది. నీళ్ళు మంచివేనా, నీడ ఉందా, దిగడానికి సత్రమో చావడో ఉందా, అంగట్లో సరుకులు దొరుకుతాయా. ఊరు పేరు రాసి పక్కన ఇవి రాసుకున్నాడు. ఇప్పుడు మనం ఫోనులో చూసుకునే వివరాలన్నీ ఆయన కలంతో రాసి పెట్టాడు.

ఇక మన దారి. ఆదోని కోట విజయనగర రాజుల కాలం నుంచీ ముఖ్యమైన ఠాణా. తరవాత బీజాపూరు సుల్తానుల చేతికొచ్చింది. వాళ్ళ తరఫున ఏలిన సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జుమ్మా మసీదు ఇప్పటికీ ఊరికి తలమానికం. మొగలాయీలు, ఆ తరవాత నిజాం తమ్ముడు బసాలత్ జంగ్, 1786లో టిప్పు సుల్తాను ముట్టడి, చివరికి 1800లో దత్తమండలంగా కంపెనీ వశం. కోట ఉన్నచోట దండు ఉంటుంది, దండు ఉన్నచోట బజారు ఉంటుంది, బజారు ఉన్నచోటికి నాలుగు వైపుల నుంచీ దారులొస్తాయి. తరవాత పత్తి వచ్చింది. దక్షిణాన గుత్తి, పడమట బళ్ళారి, తూర్పున పత్తికొండ, ఉత్తరాన ఎమ్మిగనూరు. ఎమ్మిగనూరులో మళ్ళీ దారులు చీలతాయి. ఒకటి కర్నూలుకు, ఒకటి మంత్రాలయానికి, ఒకటి మాధవరం వైపు. ఈనాడు సోమప్ప సర్కిల్లో నిలబడి బోర్డులు చూస్తే ఆ చీలిక తెలుస్తుంది. మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టేనాటికే ఇక్కడి చీరెలు, దుప్పట్లు ఈ దారుల మీదనే ఊళ్ళు తిరిగేవి.

ఉత్తరానికి పోయేవాళ్ళకు తుంగభద్ర అడ్డం. వంతెనలు లేని కాలంలో పుట్టి ఎక్కి దాటాలి. వెదురు బద్దలు అల్లి, తోలు కప్పిన గుండ్రని పుట్టిని మన పిల్లలు హంపికి పోయినప్పుడు సరదాకు ఎక్కుతున్నారు. నది నిండుగా వస్తే పుట్టి కదలదు. ఒక రోజు కావచ్చు, వారం కావచ్చు, ఒడ్డున ఎదురుచూడాలి. అందుకే మజిలీకొక సత్రం ఎంత అవసరమో రేవుకొక సత్రం అంతకంటే అవసరం. మంత్రాలయం వంటి క్షేత్రానికి ఇది ఇంకా ఎక్కువ. రాఘవేంద్రస్వామి 1671లో బృందావన ప్రవేశం చేసిన ఆ మంచాల గ్రామం ఆదోని నవాబు ఇచ్చిందేనని చెప్పుకుంటారు. భక్తులు వచ్చేచోట సత్రాలు తామరతంపరగా పెరుగుతాయి. ఇప్పుడు అక్కడ ఏసీ గదుల సత్రాలు కూడా ఉన్నాయి. మాట మాత్రం మారలేదు.

సత్రం చరిత్రలో మన ప్రాంతానికి బాగా తెలిసిన పేరు ఒక తెల్లదొరది. థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు ప్రధాన కలెక్టరు. శిస్తు ఎక్కువగా ఉందని, నాలుగో వంతు తగ్గించాలని వెళ్ళేముందు తానే రాశాడు. అప్పుడు పై వాళ్ళు వినలేదు. 1820లో మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చాడు. పదవి వదిలి స్వదేశం పోయేముందు తాను ఒకప్పుడు పనిచేసిన ఈ సీమను మరోసారి చూడాలని 1827 ఎండాకాలంలో బయలుదేరాడు. దారిలో కలరా ఉంది. గుత్తి దాటి జులై 6న పత్తికొండ మజిలీలో దిగాడు. ఆ పగలే జబ్బు పట్టుకుంది. ఆ రాత్రే చనిపోయాడు. మర్నాడు గుత్తికి తీసుకొచ్చి కోట కింద పూడ్చిపెట్టారు. 1831లో ఎముకలు మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి మార్చారు. మద్రాసులో రికాబులు లేని గుర్రం మీద ఉన్న విగ్రహం ఆయనదే. మన వైపు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్ళు ఉన్నారంటే ఆయన పేరు ఎంత దూరం పోయిందో ఆలోచించండి.

ఆయన గుర్తుగా ప్రభుత్వం మన సీమలో ఏం చేసిందో చూడండి. గుత్తిలో ఒక సత్రం, ఒక చెరువు. చనిపోయిన పత్తికొండలో ఒక తోపు, రాతి మెట్లతో దిగుడు బావి. మద్రాసు పట్నంలో గుర్రం మీద విగ్రహం, ఇక్కడ నీళ్ళు, నీడ, పడక. పట్నంవాళ్ళకు కావలసింది వాళ్ళకు, బాటసారికి కావలసింది బాటసారికి. గుత్తి ఆనాడూ కూడలే, ఈనాడూ కూడలే. హైదరాబాదు నుంచి బెంగుళూరు పోయే 44వ నంబరు రహదారి, బళ్ళారి నుంచి కడప వైపు పోయే 67వ నంబరు రహదారి అక్కడే కలుస్తాయి. గవర్నరు జ్ఞాపకానికి కూడలిలో సత్రం కట్టాలన్న ఆలోచన సీమను ఎరిగినవాళ్ళు చేసిందే.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. కలరా నీళ్ళ ద్వారా వ్యాపిస్తుందని లండనులో జాన్ స్నో చూపించింది 1854లో. మన్రో చనిపోయిన 27 ఏళ్ళకు. నీళ్ళ రోగంతో పోయిన మనిషి గుర్తుగా జనం కాళ్ళతో దిగి ముంచుకునే బావి కట్టారు. తప్పు పట్టడానికి లేదు, అప్పటికి ఎవరికీ తెలియదు. కానీ దిగుడు బావి మన సీమకు ఇంకో బాధ కూడా పెట్టింది. అదే నారికురుపు. కాలిలోంచి దారంలా పురుగు బయటికి వచ్చే ఆ జబ్బును మన పెద్దలు ఎరుగుదురు. పుండు ఉన్న కాలితో బావిలో దిగితే పురుగు తన పిల్లల్ని నీళ్ళలో వదులుతుంది. ఆ నీళ్ళు తాగినవాడికి మరుసటి ఏడు పురుగు. 1980ల్లో దేశమంతటా నారికురుపు నిర్మూలన కార్యక్రమం నడిచినప్పుడు దిగుడు బావులకు మెట్లు మూసి, గిలక పెట్టి, చేదబావులుగా మార్చారు. దేశంలో చివరి కేసు 1996లో రాజస్థానులో. 2000 సంవత్సరంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశానికి విముక్తి ధ్రువపత్రం ఇచ్చింది. కాబట్టి పాత బావిని కాపాడుకుందాం అనేటప్పుడు దాన్ని పాత పద్ధతిలో వాడుకుందామని నేను అనడం లేదు. కట్టడం ఉండాలి, పూడిక తీయాలి, చుట్టూ కంచె ఉండాలి. తాగే నీళ్ళు కుళాయివే ఉండాలి.

సత్రాలు కట్టినవాళ్ళు గోడలు మాత్రమే కట్టలేదు. దాని పోషణకు మాన్యం రాసిచ్చారు. ఆ భూమి మీద వచ్చే పంటతో వంటవాడికి, నీళ్ళు పోసేవాడికి, దీపానికి, ఏటా కప్పు మరమ్మతుకు. తరాలు మారేకొద్దీ భూమి ఉంది, సత్రం పాడుబడింది. అనుభవించేవాళ్ళు వేరే అయ్యారు. ఈ ఫిర్యాదు ఇప్పటిది కాదు. మద్రాసు ప్రభుత్వం 1817లోనే ఏడవ రెగ్యులేషన్ తెచ్చింది. గుళ్ళు, మసీదులతో పాటు సత్రాలకు, వంతెనలకు రాసిచ్చిన ఆస్తులు ఆ పనికే వాడేలా చూడవలసిన బాధ్యత రెవెన్యూ బోర్డుకు, కలెక్టర్లకు అప్పగించింది. 1858లో ఇనాం కమిషన్ వేసి ప్రతి మాన్యానికీ కాగితం అడిగారు. ధర్మాదాయ ఇనాములుగా సత్రాలకు, చలివేంద్రాలకు, తోపులకు ఉన్న భూములు అప్పుడు రిజిస్టర్లకెక్కాయి. 1871లో లోకల్ ఫండ్ చట్టం వచ్చాక చాలా సత్రాలు లోకల్ బోర్డుల కిందికి పోయాయి. రోడ్డు, బడి, ఆసుపత్రి, సత్రం అన్నీ ఒకే బోర్డు చూసుకునేది. పాత కాగితాల్లో ‘లోకల్ ఫండ్ సత్రం’ అన్న మాట కనిపిస్తే అదే.

ఉత్తరాది సరాయిల కోసం 1867లో సరాయి చట్టం ఒకటి చేశారు. నాకు భలే ఇష్టమైన చట్టం. సరాయి నడిపేవాడు అంటురోగం వచ్చినవాళ్ళ గురించి వెంటనే పోలీసుస్టేషనుకు చెప్పాలి, గదులు, కాలువలు, బావులు శుభ్రం చేయించాలి, తలుపులు, గోడలు, కప్పు బాగుచేయించాలి, కాపలావాణ్ణి పెట్టాలి, ధరల పట్టిక అందరికీ కనిపించేలా వేలాడదీయాలి. అంతేకాదు, దొంగలు ఎక్కి లోపలికి దూకడానికి పనికొచ్చే చెట్ల కొమ్మలు కొట్టేయించాలి. చట్టం రాసినవాడు ఎప్పుడో సరాయిలో పడుకుని మూట పోగొట్టుకుని ఉంటాడని నా అనుమానం.

అదే 1871లో మన దారికి పెద్ద దెబ్బ తగిలింది. మద్రాసు రైల్వే వాయవ్య శాఖ గుంతకల్లు, ఆదోని మీదుగా రాయచూరు చేరి బొంబాయి లైనుతో కలిసింది. అంతవరకు వారాల తరబడి బండి మీద పోయిన పత్తి గంటల్లో పోవడం మొదలైంది. ఆదోని జిన్నింగు మిల్లులు, మార్కెట్టు పెరిగిందే రైలు వల్ల. ఊరు బాగుపడింది గానీ దారి పక్క సత్రం దిక్కులేనిదయింది. సత్రాలు పోలేదు, చోటు మారాయి. స్టేషను ఎదురుగా కొత్తవి లేచాయి. కోమటి ధర్మకర్తలు, మార్వాడీలు, మఠాలు కట్టించినవి. పాత మజిలీ సత్రంలో మేకలు చేరాయి.

రైలు వచ్చిన అయిదేళ్ళకు ధాత కరువు. 1876, 77, 78. బళ్ళారి జిల్లా, అందులో మన ఆదోని తాలూకా ఎంత నష్టపోయిందో ముసలివాళ్ళ నోట విన్నవాళ్ళు మన తాతల తరం. అప్పట్లో మనది బళ్ళారి జిల్లానే, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడే కర్నూలు జిల్లాలో కలిశాం. కరువు పనికి వచ్చిన మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా డబ్బులు చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ తేల్చిన కాలం అది. దానికి పదేళ్ళ ముందు, 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేలమందికి అన్నం పెట్టాడు. విక్టోరియా రాణి పేరుతో బంగారు పతకం వచ్చింది. సత్రం అంటే గోడలూ కప్పూ అని అనుకునేవాళ్ళకు ఆయన పేరు గుర్తుచేయాలి. ఆయన ఇల్లే సత్రమైంది.

అయితే పాత సత్రాన్ని తలుచుకుంటూ అంతా బంగారం అనుకోవడం సరికాదు. సత్రం వాకిలి అందరికీ తెరిచి లేదు. చాలాచోట్ల ఉచిత భోజనం బ్రాహ్మణులకే. తక్కిన కులాలవాళ్ళు వసారాలోనో, చెట్టు కిందో వండుకోవాలి. దళితులకు ఆ బావి నీళ్ళు కూడా లేవు. సత్రం చుట్టూ గోడ కట్టిన రాళ్ళు మోసినవాళ్ళు ఆ గోడ లోపల పడుకోలేదు. 1924లో మద్రాసు ప్రభుత్వం ప్రజల రోడ్లు, బావులు, చెరువులు, ప్రభుత్వ కట్టడాలు అన్ని కులాలవాళ్ళకూ తెరిచి ఉండాలని ఉత్తర్వు ఇచ్చింది. రాజ్యాంగం 15వ అధికరణంలో హోటళ్ళు, బావులు, రోడ్ల పేర్లు విడిగా రాసింది. 1955 అంటరానితనం నేరాల చట్టంలో ధర్మశాల, సరాయి, ముసాఫర్‌ఖానా అన్న పేర్లు నేరుగా ఉన్నాయి. అంత స్పష్టంగా పేరు పెట్టి రాయవలసి వచ్చిందంటే జరిగిందేమిటో తెలుస్తూనే ఉంది. ఒక సత్రాన్ని బాగుచేసి ముందు పలక పెట్టేవాళ్ళు కట్టించినవాడి పేరుతో పాటు ఈ సంగతి కూడా రాయాలి. లేకపోతే సగం చరిత్రే రాసినట్టు.

ఇప్పుడు కట్టడం. మన వైపు పాత సత్రాలు రెండు రకాలు. ఒకటి రాతి మంటపం. కంబాలు, పైన దూలాలు, వాటి మీద పరిచిన బండలు. కంబాలు అంత దగ్గర దగ్గరగా ఎందుకు నిలబెట్టారని పిల్లలు అడుగుతారు. నల్లరాయి నొక్కుడుకు ఎంత బరువైనా మోస్తుంది, వంపుకు మాత్రం ఓర్చదు. దూలం బరువుకు వంగితే కింది అంచు సాగుతుంది, అక్కడ చీలుతుంది. అందుకే రాతి దూలం ఏడెనిమిది అడుగులకు మించి పోదు. ఇనుము, సిమెంటు లేని రోజుల్లో ఆ లెక్క తెలిసిన ఒడ్డెవాళ్ళు, కాసెవాళ్ళు మనకంటే తక్కువ ఇంజనీర్లు కారు.

రెండోది మిద్దె సత్రం. రాతి గోడ, చెక్క దూలాలు, వాటిపై దంతెలు, దంతెల మీద కట్టెలో పలుచటి బండలో పరిచి, ఆపైన చవుడు మన్ను. ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన పడే మన సీమలో మిద్దెకు అది చాలు. పైగా ఎండాకాలంలో లోపల చల్లగా ఉంటుంది. కానీ ప్రతి ఏడూ వానలకు ముందు కొత్త చవుడు ఎత్తి పోయాలి, మొలిచిన గడ్డి పీకాలి, వాన కాలువ మూసుకుపోకుండా చూడాలి. సత్రం మాన్యం ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. మనిషి లేని మిద్దె నాలుగు వానలకు దిగుతుంది. ముందు కప్పు పోతుంది, తరవాత గోడ తలలోకి నీళ్ళు దిగుతాయి, రాళ్ళ మధ్య మన్ను జారుతుంది, గోడ పొట్ట ఉబ్బి ఒక రాత్రి పడిపోతుంది. పాత కట్టడం కూలడానికి గోడ కారణం అనుకుంటాం. పది సార్లలో తొమ్మిదిసార్లు కప్పే కారణం.

ఆ తరవాతి శత్రువు, చెప్పడానికి మొహమాటమే గానీ, మా సిమెంటు. పాత గోడ సున్నంతో కట్టింది. గానుగలో తిప్పిన సున్నం, ఇసుక, కొన్నిచోట్ల కరక్కాయ నీళ్ళు, బెల్లం. సున్నం మెల్లగా గాలి పీల్చుకుని గట్టిపడుతుంది. తడిని లోపలికి తీసుకుంటుంది, ఎండలో బయటికి వదిలేస్తుంది. గోడ ఊపిరి తీసుకుంటుందని మేస్త్రీలు అనేది అందుకే. దాని మీద సిమెంటు పూస్తే ఆ ఊపిరి ఆగిపోతుంది. నేల నుంచి ఎక్కిన తడి బయటికి పోలేక పైకి ఎక్కుతుంది, మన చవుడు నేలల్లోని ఉప్పును మోసుకుపోతుంది. ఎక్కడ ఆరుతుందో అక్కడ ఉప్పు పలుకులు కట్టి రాయి ముఖాన్ని పెళ్ళలుగా ఊడగొడుతుంది. మన జిల్లాలోనే ఒక ఊళ్ళో, పేరు రాయను, పాత సత్రానికి మంచి మనసుతో చందాలేసుకుని సిమెంటు పూసి రంగులు వేశారు. మూడేళ్ళకు నడుమెత్తు దాకా పూత ఊడి, కింద రాయి చేత్తో రాలేలా ఉంది. వదిలేసి ఉంటే ఇంకో యాభై ఏళ్ళు నిలబడేది. సున్నం అగ్గువ కూడా. తెలిసిన మేస్త్రీ దొరకడమే కష్టం.

మూడోది నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు పగిలే నేల. పాతవాళ్ళు పునాది లోతుగా తీసి ఇసుక, గరుసు నింపేవారు. పక్కన కొత్త కాలువ తవ్వి నీళ్ళు నిలిచేలా చేస్తే ఆ పునాది ఎంతకని ఓరుస్తుంది? నాలుగోది, ఇది మా రోడ్లవాళ్ళ పని, రోడ్డు ఎత్తు పెరగడం. తారు మీద తారు వేసుకుంటూ పోతే నలభై ఏళ్ళలో రోడ్డు మోకాలెత్తు లేస్తుంది. ఒకప్పుడు మూడు మెట్లెక్కి పోయిన సత్రంలోకి ఇప్పుడు దిగిపోవాలి. వానొస్తే రోడ్డు మీది నీళ్ళన్నీ దానిలోకే.

బాగుచేసుకున్నవాళ్ళు లేకపోలేదు. హైదరాబాదులో కుతుబ్‌షాహీల కాలం నాటి షేక్‌పేట సరాయి ఇంకా నిలబడి ఉంది, దాని బాగోగుల గురించి అక్కడివాళ్ళు గొంతెత్తుతున్నారు. తంజావూరు సీమలో శరభోజి కట్టించిన ఒరత్తనాడు ముక్తాంబాళ్ సత్రం విద్యార్థుల బసగా బతికింది. అది నాకు నచ్చిన సంగతి. పాత సత్రాన్ని మ్యూజియం చేయనక్కరలేదు. మనుషులు లోపల మసలుతూ, ఏటా కప్పు చూసుకుంటూ ఉంటే చాలు. లైబ్రరీ కావచ్చు, అంగన్‌వాడీ కావచ్చు, సంతకొచ్చిన ఆడవాళ్ళు నీడకు కూర్చునే చోటు కావచ్చు.

ప్రభుత్వం చూసుకుంటుందిలే అనుకుంటే కొంచెం ఆగాలి. రాష్ట్ర పురావస్తుశాఖ 1960 చట్టం కింద ప్రకటించిన కట్టడాలనే కాపాడుతుంది. ఊరి సత్రం ఆ జాబితాలోకి ఎక్కడం అరుదు. ధర్మ సత్రమైతే 1987 దేవాదాయ, ధర్మాదాయ చట్టం కిందికి వస్తుంది. లోకల్ ఫండ్ సత్రమైతే పంచాయతీదో మునిసిపాలిటీదో. ఎవరిదో తేలకపోతే రెవెన్యూవారి పోరంబోకు. ఈ తేలకపోవడంలోనే సగం సత్రాలు పోయాయి. కాబట్టి గోడకు సున్నం కొట్టడానికి ముందు కాగితం వెతకాలి. తహసీల్దారు కార్యాలయంలో ఆర్.ఎస్.ఆర్., పాత డైగ్లాట్ చూస్తే ఆ సర్వే నంబరు పక్కన సత్రం, తోపు, బావి అని ఏదో ఒకటి రాసి ఉంటుంది. ఇనాం భూమి అయితే ఇనాం ఫెయిర్ రిజిస్టరు నకలు అడగాలి. ఎవరు రాసిచ్చారు, ఎందుకు రాసిచ్చారు, ఎన్ని ఎకరాలు అన్నది అందులో ఉంటుంది. ఆ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో కూడా చూసుకోవాలి. లేకపోతే రేపు ఎవరో రిజిస్ట్రేషన్ చేయించుకుంటారు.

మన సంఘంలో రెవెన్యూలో పనిచేసినవాళ్ళు ఉన్నారు, సర్వేయర్లు ఉన్నారు, లాయర్లు ఉన్నారు, సోషల్ అయ్యవార్లు ఉన్నారు. పల్లెల్లో ఇంకా ముసలివాళ్ళు ఉన్నారు, అదే తొందర పడవలసిన సంగతి. ఏ బావి పక్కన ఏ సత్రం ఉండేదో, దానికి దీపం ఎవరు పెట్టేవారో వాళ్ళు చెప్పగలరు. రికార్డులో లేనిది వాళ్ళ దగ్గర ఉంది.

నా ప్రతిపాదన చిన్నది. ఆలూరు నుంచి ఆదోని, ఎమ్మిగనూరు మీదుగా మాధవరం దాకా, ఇటు పత్తికొండ దాకా, దారి పక్కన మిగిలిన సత్రం, మంటపం, దిగుడు బావి, చలివేంద్రం రాతితొట్టి, ఏది కనిపిస్తే దాన్ని కొలిచి, ఫోటో తీసి, సర్వే నంబరు రాసి ఒక పుస్తకంగా చేద్దాం. బాగుచేయడం తరవాతి మాట. రేపు రోడ్డు వెడల్పు పనికి అంచనా వేసే ఇంజనీరు టేబిలు మీద ఆ పుస్తకం ఉంటే, గీత నాలుగు అడుగులు అటు జరపడానికి అతనికి ఒక కారణం దొరుకుతుంది. కారణం కాగితం మీద ఉంటే గీత జరుగుతుందని నా ఉద్యోగంలో చూశాను. లేకపోతే జరగదు.

మన బడి తొమ్మిదో తరగతి పిల్లల్ని వెంట తీసుకుపోవచ్చు. కంబాల మధ్య దూరం కొలిస్తే వాళ్ళకు లెక్కలు, దూలం ఎందుకు చీలిందో చూస్తే సైన్సు, గోడ మీది శాసనం చదివితే తెలుగు, కన్నడం రెండూ. ఎండ తగ్గాక, కార్తీకం తరవాత ఆదివారాలు మొదలుపెడదాం. పేరివ్వదలచినవాళ్ళు సంఘం కార్యదర్శిగారి దగ్గర రాయించుకోండి. 30 మీటర్ల టేపు, గుండు, టార్చిలైటు నేను తెస్తాను. పాములుంటాయి, బూట్లు వేసుకుని రండి.